చిన్నమూట

బాన మూత తీయగానే ఆవిరి ముఖాన కొట్టింది. పేరంటాలు తల పక్కకు తిప్పుకుని, కర్రతో పైవరస గుడ్డలను ఒక్కొక్కటిగా లేపి బండ మీద పడేసింది. రాత్రంతా సోడానీళ్ల ఉబ్బలో ఉడికిన దుప్పట్లు తడిసిన మట్టిలా బరువెక్కి ఉన్నాయి. మాఘమాసపు తెల్లవారుజాము. కాలవ మీద మంచు ఇంకా లేవలేదు. ఈ రోజుల్లో నీళ్లలోకి దిగితే మొదట కాళ్లు జివ్వుమంటాయి, కాసేపటికి అసలు కాళ్లున్నట్టే తెలియదు. ఆ కాసేపూ ఓర్చుకోవడమే ఈ పనిలో మొదటి విద్య అని ఆమె అత్త చెప్పేది. పేరంటాలు పన్నెండేళ్ల వయసులో భట్టిప్రోలు నుంచి రేపల్లెకు కాపురానికి వచ్చి ఆ విద్య నేర్చుకుంది. ఇప్పుడామెకు యాభై అయిదు దాటాయి.

పొట్టి మనిషి. మూటలు మోసి మోసి మెడ భుజాల్లోకి దిగిపోయింది. కుడిభుజం ఎడమదానికంటే రెండు వేళ్లు కిందికి వాలి ఉంటుంది. సోడాకు గోళ్లు అరిగిపోయాయి. కాలివేళ్ల సందుల్లో నీటిపుండ్లు ఎండాకాలం కాలవ కట్టేసినప్పుడు మానుతాయి, నీళ్లు వదలగానే మళ్లీ వస్తాయి. మాట తక్కువ. అది పుట్టుకతో వచ్చిన గుణమేమీ కాదు, పెళ్లికి ముందు వసపిట్టలా వాగేదట. పనే ఆమె నోరు కట్టేసింది.

ఆమె ఉతికేది పదమూడు ఇళ్ల గుడ్డలు. ఆ ఇళ్లలో ఆడవాళ్ల ముట్టుగుడ్డలు పెద్దమూటలో కలవవు. విడిగా చిన్నమూట కట్టి పెరటి గోడ గూట్లో పెడతారు. పేరంటాలు దాన్ని మగవాళ్ల కంటపడకుండా చంకలో పెట్టుకుపోయి, రేవు దిగువన చన్నీళ్లలో ఉతికి, ఆరబెట్టి, మడతపెట్టి మళ్లీ అదే గూట్లో పెడుతుంది. ఎవరు ఏ రోజు బయట చేరారో, ఎవరికి ఎన్నాళ్లు అయిందో, ఎవరికి ఆగిపోయే వయసు వచ్చిందో కట్టుకున్న మగవాళ్లకంటే ముందు ఆమెకు తెలుస్తుంది. తెలిసిందేదీ పెదవి దాటదు. కడుపు చించుకుంటే కాళ్లమీద పడుతుందని జనం అంటారు గానీ, ఆ పదమూడు ఇళ్ల కడుపులూ నెలనెలా పడుతున్నది పేరంటాలు కాళ్లమీదే.

ఒక్క కబురు మాత్రం చెప్పవచ్చు. చెప్పి తీరాలి కూడా. కొత్తకోడలున్న ఇంటి నుంచి వరసగా రెండు నెలలు చిన్నమూట రాకపోతే, కోడలు నీళ్లోసుకుందని అత్తగారికి మొదట చెప్పవలసింది చాకలే. చెప్పిన నోటికి పంచదార, చేతికి చీర. నెల క్రితం అలాగే తాలూకా ఆఫీసు వెనకవీధిలో జయలక్ష్మమ్మకు చెప్పింది. ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుని చిలకపచ్చ నేతచీర తెచ్చి పెట్టింది. పేరంటాలు దాన్ని ఇంకా కట్టలేదు. మనవరాలి పెళ్లికని పెట్టెలో దాచింది.

మూడో దుప్పటి విప్పి బండ మీద పరిచేసరికి ఆమె చేతులు ఆగిపోయాయి.

నీలం గళ్ల దుప్పటి. అంచున జీడిరసంతో పెట్టిన గుర్తు, రెండు చుక్కలూ ఒక గీతా, జయలక్ష్మమ్మ ఇంటిది. దాని నడిమధ్య చేటంత మరక కాఫీరంగులో తేలి ఉంది. నిన్న మూట విప్పినప్పుడు ఈ మరక లేదు. దుప్పటి కొంచెం చెమ్మగా, ఇంట్లో ఒకసారి జాడించినట్టుగా ఉందనుకుని బానలో వేసేసింది. ఇప్పుడు అర్థమైంది. పని తెలియని వాళ్లెవరో దీన్ని వేడినీళ్లలో ఉతికారు. రక్తం చన్నీళ్లకు వదులుతుంది గానీ వేడి తగిలితే దారాల్లోకి దిగిపోతుంది. పైకి పోయినట్టే కనబడి, ఉబ్బలో ఉడికాక బయటపడుతుంది. ఇది చాకలి ఇంట పుట్టిన ప్రతి పిల్లకూ తెలుసు.

దుప్పటిని వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. కడుపు పోయిందేమో పిల్లకి, అన్నది మొదటి ఆలోచన. కానీ చూసేకొద్దీ అది ఒక్కనాటి మరకలా లేదు. పాతదాని అంచు మీద కొత్తది, దాని మీద మరొకటి. మూడుసార్లు, విడివిడి రోజుల్లో, ఎవరికీ తెలియకుండా ఉతికినది. పోయిన గర్భం ఇలా విడతలు విడతలుగా మరక వేయదు.

అసలు గర్భమే లేదన్నమాట. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అని తెలివితక్కువ వాళ్లను చూసి నవ్వుతారే, ఆ సోమలింగానికి పేరు పెట్టి చీర పుచ్చుకున్నది తనేనని పేరంటాలుకు తెలిసివచ్చింది. బండ మీద చతికిలబడింది.

దీపావళి ముందు రోజొకటి అప్పుడు గుర్తుకొచ్చింది. ఆ ఇంటి కోడలు సుశీల బాపట్ల పిల్ల. పెళ్లయి ఏడాదిన్నర. ఆ రోజు పెరట్లో గూటి దగ్గర నిలబడి, అటూ ఇటూ చూసి, అందరికీ ఇంతే అవుతుందా పేరంటాలూ అని అడిగింది. చిన్నమూట ఆ నెల నిజంగానే చిన్నది కాదు. పేరంటాలు నవ్వేసి, ఆడపుట్టుక పుట్టాక తప్పిద్దా అమ్మా అంది. అని ఊరుకోక, తన సంగతి చెప్పింది. నలుగురు పిల్లల్ని కంది. ఇద్దరు దక్కారు. మొగుడు చిన్నయ్య పోయి పదేళ్లు. ఇన్నేళ్లలో ఆ మూడు రోజులని ఒక్కపూట మంచం ఎక్కింది లేదు. గుడ్డ బిగించి కట్టుకుని నీళ్లలో నిలబడితే నొప్పి దానంతటదే చచ్చి ఊరుకునేది. గోరువెచ్చటి కాపడాలూ, వాముకషాయాలూ, గోడవైపు తిరిగి పడుకోవడాలూ, ఇవన్నీ సుఖం మరిగిన ఒళ్లు చేసే మారాలని ఆమె మనసులో గట్టి నమ్మకం. అదే ఆ పిల్లకు చెప్పింది. ఆ తర్వాతి నెల నుంచే చిన్నమూట రావడం మానేసింది.

మిగతా బాన రేవులో తోడున్న తన కోడలికి అప్పగించి పేరంటాలు ఒడ్డుకు వచ్చింది. తడి దుప్పటి పిండి చంకలో పెట్టుకుంది. దారిలో గుడిసెకు పోయి పెట్టెలో చీర తీసింది. ఆమె ఉతుకు మధ్యలో రేవు వదలడం, కోడలు కాపురానికొచ్చాక చూడటం అదే మొదలు.

జయలక్ష్మమ్మ ఇంట్లో ఆడవాళ్లను మూల కూర్చోబెట్టే ఆచారం లేదు. దేవుడి గూటివైపు పోకుండా ఉంటే చాలు. అందుకే సుశీల దాచగలిగింది. పైగా కబురు తెలిసిన నాటి నుంచి మూడో నెల వెళ్లేదాకా అని కొడుకు మంచాన్ని వీధివసారాలోకి మార్పించింది అత్తగారు. ఆ ఒక్క ఆసరా కూడా అలా పోయింది.

పేరంటాలు వెళ్లేసరికి సుశీల పెరట్లో నీళ్లపొయ్యి ముందు కూర్చుని ఉంది. బొగ్గుల్లో ఏదో గుడ్డపీలిక కాలుతున్న కమురు వాసన. ఒళ్లో గుప్పెడు పచ్చిబియ్యం. కోడలు బియ్యం బుక్కుతోందని, వేవిళ్లని వీధంతా మురిసిపోయింది. ఇప్పుడు పేరంటాలు ఆ పిల్ల అరచేయి పట్టుకుని తిప్పి చూసింది. ఉతికి ఆరేసిన పంచెలా పాలిపోయి ఉంది. పెదవులకూ చెంపలకూ రంగులో తేడా లేదు.

దుప్పటి విప్పి చూపించింది. సుశీల చూసి తల దించుకుంది.

"ఎన్నాళ్ల నుంచమ్మా?"

"ఈసారి పదహారు రోజులు. మధ్యలో నాలుగు రోజులు ఆగి మళ్లీ మొదలైంది."

"మరి నెల తప్పిందని నేనంటే కాదని చెప్పలేదేం?"

"నేను చెప్పేలోపే అత్తయ్య బాపట్లకి ఉత్తరం రాయించేశారు," అంది సుశీల. "నేను నిన్నే అడిగాను పేరంటాలూ. నువ్వు నవ్వావు."

కోపంగా అనలేదు. అంటే బాగుండేది. పేరంటాలు ఏనాడూ ఎవరి ఎదుటా ఏడవని మనిషి, ఆ నీళ్లపొయ్యి పక్కన కూలబడి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. సుశీలే ఆమె వీపు మీద చేయి వేసి ఊరుకోమంది. నిలబడబోయి, కళ్లు తిరిగి, మళ్లీ గోడ పట్టుకుంది. అప్పుడు పేరంటాలుకు భయం వేసింది. ఈ పిల్ల చచ్చిపోతుందని, అందరూ సున్నుండలు పంచుకుంటుండగా పొయ్యి ముందు కూర్చుని చచ్చిపోతుందని స్పష్టంగా తెలిసింది. గురువారం నాడు బాపట్ల నుంచి వియ్యపురాలు సారెతో వస్తోంది. ఈ రోజు మంగళవారం.

జయలక్ష్మమ్మ వంటింటి గడపలో కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. పేరంటాలు చీర ఆవిడ ముందు పెట్టి, తప్పు చెప్పానమ్మా, మీ కోడలు నీళ్లోసుకోలేదు అని మొదలుపెట్టి ఉన్నదంతా చెప్పింది. ఆవిడ చాలాసేపు నమ్మలేదు. నమ్మాక మండిపడింది. వీధివీధికీ చెప్పుకున్న మొహం ఎక్కడ పెట్టుకోవాలని, మూట లెక్క తెలియనిదానివి చాకలివెలా అయ్యావని అడిగింది. పేరంటాలు అన్నీ పడింది. పడవలసినవే అనుకుంది. కానీ ఆవిడ చివరికి అన్నది మాత్రం పడలేకపోయింది. ఈ కాలం పిల్లలు సుకుమారాలు పోతారనీ, తనకూ పన్నెండేసి రోజులు అయ్యేదనీ, మజ్జిగ తాగి చాకిరీ చేసిందే తప్ప చచ్చిపోలేదనీ, ఒక కాన్పు అయితే అదే సర్దుకుంటుందనీ.

"మీ చిన్నమూటలూ నేనే ఉతికానమ్మా," అంది పేరంటాలు. "మీకెంత అయిందో మీకంటే నాకు బాగా తెలుసు. ఇది దానికి మూడింతలు. ఇది ఆడపుట్టుక కాదు. రోగం."

జయలక్ష్మమ్మ చింతపండు పక్కకు నెట్టింది. చాకలిది తన ముఖం మీద ఆ మాట అనడం ఆవిడ ఎరగదు. ముందు నువ్వు రేవుకు పో, సాయంత్రం చూద్దాం అంది.

పేరంటాలు పోలేదు. పోయి ఉంటే ఈ కథ లేదు, బహుశా సుశీలా లేదు. పెరట్లో బావికీ బాదంచెట్టుకూ మధ్య కట్టిన దండెం మీద ఆ నీలం గళ్ల దుప్పటిని నిలువునా ఆరేసింది. మరక వీధివైపుకు కాదు, బావి గట్టు వైపుకు. మధ్యాహ్నం భోజనానికి వచ్చే సుశీల భర్త కోటేశ్వరరావు కాళ్లు కడుక్కునేది అక్కడే. నలభై ఏళ్లుగా ఏ ఇంటి చిన్నమూటనూ ఏ మగవాడి కంటా పడనివ్వని మనిషి దాన్ని జెండాలా కట్టి, పక్కన నిలబడింది. ఈ ఇల్లే కాదు, ఈ మాట పాకితే మిగతా పన్నెండు ఇళ్లూ పోతాయని ఆమెకు తెలుసు. లోపలి నుంచి జయలక్ష్మమ్మ రెండుసార్లు తీసెయ్యమని కేక వేసింది. మూడోసారి వేయలేదు.

కోటేశ్వరరావు సైకిలు గోడకు ఆనించి, చెంబు ముంచుకుని, తలెత్తాడు. నెమ్మదస్తుడు, తాలూకా ఆఫీసులో గుమాస్తా, తల్లి ఎదుట పెళ్లాంతో మాట్లాడటానికి కూడా మొహమాటపడేవాడు. మొదట ఏమీ అర్థం కాలేదు.

"ఏంటిది పేరంటాలూ?"

"మీ ఇంటి దుప్పటే బాబూ. కోడలమ్మది. మగోళ్లకి చూపించకూడదు. చూపించకపోతే మనిషి దక్కదు." మరక మీద చేయి పెట్టింది. "నలభై ఏళ్లుగా చూస్తన్నాను. ఇది అందరికీ అయ్యేది కాదు బాబూ. తెనాలి ఆస్పత్రికి తీసకపొండి. ఇయ్యాలే తీసకపొండి."

చెంబులో నీళ్లు అతని కాళ్ల మీద కాక పక్కన పోయాయి. లోపలికి వెళ్లాడు. అతని వెనకే జయలక్ష్మమ్మ వెళ్లింది. గదిలో ఏం మాట్లాడుకున్నారో పేరంటాలుకు వినబడలేదు. సుశీల ఏడుపు మాత్రం సన్నగా వినబడింది. ఏడ్చేవాళ్లు ఎవరితోనో ఒకరితో చెప్పుకుంటున్నట్టే గనక, ఆ ఏడుపు విని ఆమె మనసు కొంచెం కుదుటపడింది. కాసేపటికి కోటేశ్వరరావు చొక్కా గుండీలు పెట్టుకుంటూ రిక్షా కోసం పరిగెత్తాడు.

అన్నం ఎవరూ తినలేదు. పేరంటాలు గుడిసెకు పోయి, ఉతికి ఉతికి దూదిలా మెత్తబడ్డ పాతపంచెలు ఒక కట్ట తెచ్చింది. తన ఇంట్లో కాన్పులకని దాచుకున్నవి. జయలక్ష్మమ్మ అవి అందుకుని, గదిలోకి పోయి, కోడలికి తానే గుడ్డ మార్చి, తల దువ్వి, చేయి పట్టుకుని బయటికి నడిపించుకు వచ్చింది. ఆవిడ ముఖంలో కోపం లేదు. వయసు ఒక్కసారి పైబడినట్టుంది.

తెనాలి పాసింజరు ఇంకా కదలలేదు. రిక్షా వెనక నడిచివచ్చిన పేరంటాలు ప్లాట్‌ఫారం మీద కిటికీకి దూరంగా నిలబడింది. లోపల సుశీల అత్తగారి ఒళ్లో తల పెట్టుకుని పడుకుంది. జయలక్ష్మమ్మ కిటికీలోంచి దగ్గరికి రమ్మని సైగ చేసింది.

"అబ్బాయి పుట్టాక నాకు నాలుగేళ్లు అలా అయింది. తర్వాత రెండు కడుపులు నిలవలేదు. అప్పుడెందుకు చెప్పలేదే నువ్వు?"

"మీరు అడగలేదమ్మా. అడిగినా, అప్పుడైతే నేనూ నవ్వేదాన్నే."

జయలక్ష్మమ్మ తలాడించింది. కోడలి నుదుటి మీద చేయి తీయకుండానే, కిటికీ ఊచల మధ్య నుంచి రెండో చేయి చాపి పేరంటాలు వేళ్లను ఒక్కసారి గట్టిగా పట్టుకుంది. ఆ చేయి ఆమెను తాకడం అదే మొదటిసారి. బండి కదిలింది. పేరంటాలు రేవుకు తిరిగివచ్చి, మిగిలిన గుడ్డలు జాడించి, చీకటి పడ్డాక ఎప్పటిలా చాకలికి పెట్టే అన్నం కోసం గిన్నె పట్టుకుని ఇళ్ల వెంట తిరిగింది. ఎవరేం పెట్టారో ఆమెకు తెలియదు.

గర్భసంచిలో గడ్డ ఉందన్నారు తెనాలిలో లేడీ డాక్టరు. ఒంట్లో ఉండవలసిన రక్తంలో మూడోవంతు కూడా లేదన్నారు. కోటేశ్వరరావూ, బాపట్ల నుంచి పరుగున వచ్చిన సుశీల అన్నగారూ రక్తమిచ్చారు. ఆపరేషను చేశారు. సారె తీసుకురావలసిన తల్లి ఆస్పత్రి వరండాలో చాప వేసుకుని, కూతురు బతికిందని వచ్చినవాళ్లందరికీ ఆ సున్నుండలే పంచిందట. ఇరవైమూడు రోజులకు సుశీల రేపల్లెకు తిరిగివచ్చింది. సన్నగా, నీరసంగా, కానీ గోళ్లలో కాస్త ఎరుపుతో. మరి పిల్లలో అని అడిగిన అమ్మలక్కలకు జవాబు జయలక్ష్మమ్మే చెప్పేది. మనిషి మిగిలింది, అది చాలదా అని.

పేరంటాలు భయపడ్డట్టు మిగతా ఇళ్లు పోలేదు. నాలుగు రోజులు ముక్కు మీద వేళ్లు వేసుకున్నారు. తర్వాత గూటి దగ్గర ఒక్కొక్కరే ఆగి, గొంతు తగ్గించి, నాకిలా అవుతోంది, చూసి చెప్పు పేరంటాలూ అనడం మొదలుపెట్టారు. ఆమె నవ్వడం మానేసింది. ఎన్నాళ్లు, ఎంత, నొప్పి ఎక్కడ అని అడిగేది. కొందరిని వాముకషాయం తాగి పడుకోమనేది. కొందరిని తెనాలి పొమ్మనేది. పడుకుంటే తప్పేం లేదమ్మా అని తన కోడలితో కూడా అనేసరికి, ఆ పిల్ల అత్తకు జ్వరమొచ్చిందేమోనని ఒళ్లు పట్టుకు చూసింది. నెలనెలా ఆ మూడు రోజులూ కోడల్ని నీళ్లలోకి దిగనివ్వకుండా ఒడ్డున ఆరేసే పనికి పెట్టింది.

చిలకపచ్చ చీర ఆమె మళ్లీ పుచ్చుకోలేదు, ఎంత బతిమాలినా. అప్పుడు సుశీల వడ్రంగిని పిలిపించి మామిడిచెక్కతో ముక్కాలి పీట చేయించి, నీలిరంగు వేయించి, పెరటి గడప పక్కన పెట్టింది. మూట కట్టేదాకా ఆ ఇంటి పెరట్లో నిలబడే ఉండటం పేరంటాలుకు అలవాటు. మొదటిసారి కూర్చోమంటే, నాకెందుకమ్మా పీటలు అని తడి చీర దులుపుకుంటూ సిగ్గుపడింది. జయలక్ష్మమ్మ లోపలి నుంచి, కూర్చోవే, నీ కాళ్లు నేను చూడలేకుండా ఉన్నాను అంది. కూర్చుంది. ముప్పైమూడేళ్లలో ఆ ఇంట్లో ఆమె స్థిమితంగా కూర్చోవడం అదే మొదలు. ఆ తర్వాత అయిదేళ్లు వారానికి రెండుసార్లు ఆ పీట మీద కూర్చుని, సుశీల ఇచ్చిన కాఫీ ఊదుకుంటూ తాగింది. ఈ జన్మకు దేవుడు నన్ను ఒక్క మంచిపనికి వాడుకున్నాడు, అది చాలు నాకు, అని ఒకసారి అంది. అదే ఆమె సుశీలతో మాట్లాడిన పెద్ద మాట.

పంతొమ్మిది వందల డెబ్బై నాలుగులో, శ్రావణమాసంలో, రేవు నుంచి వచ్చి కాసేపు పడుకుంటానని కోడలితో చెప్పి గోడవైపు తిరిగి పడుకుంది. పగటిపూట పడుకోవడం ఆమెకు అలవాటు లేదు. దీపాల వేళకు లేపితే లేవలేదు. కబురు తెలిసి సుశీల వెళ్లింది. ఆమె కాళ్ల దగ్గర కూర్చుని, వేళ్ల సందుల్లోని నీటిపుండ్లను తడిగుడ్డతో తుడిచి, చాలాసేపు ఆ పాదాలు పట్టుకుని ఉండిపోయింది.

ఇప్పుడు ఆ ఇంటికి పేరంటాలు కోడలు వస్తుంది. చిన్నమూట చంకలో పెట్టుకుని, నిలబడే కాఫీ తాగి పోతుంది. పెరటి గడప పక్కన ముక్కాలి పీట అలాగే ఉంది. తడి కుచ్చెళ్లు ఆనిన వైపు నీలిరంగు ఊడి, మామిడిచెక్క మీద సోడా తెల్లగా పేరుకుని ఉంది.